ఉంగరం ఎవరి ముక్కలో?

“బ్రాక్ ఏదండీ?”

కహల్ గొంతు కీచుగా వచ్చింది. బల్ల మీద, ఆ హాలోవీన్ తీపి రొట్టె ఉండాల్సిన పళ్ళెం ఖాళీగా ఉంది. రెండు ఎండుద్రాక్షలూ కాస్త రొట్టె పొడీ తప్ప ఏమీ మిగల్లేదు.

“పిల్లలకి పెట్టేశా బాబూ,” అంది ఓర్లా వాళ్ళమ్మ బెర్నడెట్ తీరిగ్గా చేతులు దులుపుకుంటూ. “నువ్విలా స్నానానికెళ్ళావో లేదో, ‘హాలోవీన్ పండక్కి సాయం చెయ్యండీ’ అంటూ గుమ్మంలో దయ్యాల దండు దిగింది. చాక్లెట్లేమో అయిపోయాయి. ఉత్తచేతుల్తో పంపితే కిటికీలకి గుడ్లు కొట్టిపోతారు. ముక్కలు కోసి తలా ఒకటీ చేతిలో పెట్టా. మీ అమ్మ చేతి వంట ఎంత బాగుందనుకున్నావ్!”

“మొత్తం పెట్టేశారా?”

“మొత్తం. ఆ మొహం ఏంటి అలా పెట్టావ్? ఓర్లా వచ్చేలోగా కొట్లో ఇంకోటి తెద్దాంలే.”

ఇంకోటట! కహల్ తన సొంతూరు డొనెగాల్ నుంచి డబ్లిన్ దాకా నాలుగు గంటలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బ్రాక్ అది. అడుగున చాకుతో గాటు పెట్టి, కాగితంలో చుట్టి అతను లోపల దాచింది కొట్లో బ్రాకుల్లో వచ్చే ఇత్తడి రింగు కాదు. నానమ్మ తన వేలికి సబ్బు రాసి, మూలుగుతూ లాగి ఇచ్చిన బంగారపు ఉంగరం. అరిగిపోయి చూడ్డానికి ఇత్తడిలాగే ఉంటుంది. బ్రాక్‌లో దాచే ప్రతి వస్తువుకీ ఓ శకునం ఉంది; రింగు ఎవరికొస్తే వాళ్ళకి ఏడాది తిరక్కుండా పెళ్ళి. ఆ ముక్క తనే కోసి ఓర్లాకి పెడితే చాలు, ఇక నోరు తెరిచి అడిగే పని ఉండదనుకున్నాడు. ఈ మహానుభావుడికి నోరు తెరవడమొక్కటే చేతకాదు మరి. ఓర్లా ఆరింటికి పని నుంచి వస్తుంది. ఏడున్నరకి ఇతని బస్సు.

“ఎటు వెళ్ళారు వాళ్ళు?”

“ఇవాళ మన కాబ్రా పేటంతా దయ్యాలేనాయె, ఎటని చెప్పను?”

తడి జుట్టుతో, బూటు లేసులైనా కట్టుకోకుండా వీధిలో పడ్డాడు. పొద్దు గుంకుతోంది. మూడో ఇంటి దగ్గర మొదటి దయ్యం దొరికింది. దుప్పటికి రెండు కన్నాలు, కింద గులాబీ రంగు బూట్లు.

“పాపా, ఆ నీలం తలుపింట్లో బ్రాక్ ఇచ్చారు కదా? అందులో ఏమైనా వచ్చిందా?”

“ఎండుద్రాక్షలొచ్చాయి. ఛీ! మా కుక్కకి పెట్టేశా.”

కుక్క నోరు తెరిచి చూశాడు. అది కుక్కకి నచ్చలేదు. చొక్కా చెయ్యి చిరిగింది గానీ ఉంగరం దొరకలేదు.

సందు మలుపులో ఒక మంత్రగత్తె, ఒక అస్థిపంజరం, వాళ్ళ వెనక ఇంకో ముగ్గురు.

“నాకు గుడ్డపీలిక వచ్చిందన్నా!” అంది అస్థిపంజరం. “అంటే దరిద్రమంట. మా అమ్మ ఒకటే నవ్వు.”

“రింగు ఎవరికొచ్చింది? చెప్పండ్రా, దణ్ణం పెడతా.”

“ఒరేయ్, పల్లెటూరాయన బ్రాక్ ముక్క కోసం ఏడుస్తున్నాడ్రోయ్! ఆకలేమో పాపం, ఓ వేరుశనక్కాయ పడెయ్యండ్రా!”

కాయ వచ్చి నుదుటికి తగిలింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, సిగ్గూ శరమూ వదిలేసి రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూలబడి వాళ్ళ సంచులు బోర్లించాడు. ఆపిల్ పళ్ళు దొర్లిపోయాయి.

“అమ్మా! దొంగ!”

ఎదురింట్లోంచి ఒకావిడ చీపురుతో దూసుకొచ్చింది. “సిగ్గులేదూ, పసిపిల్లల తిండి లాక్కుంటావా?”

“అక్కా, మీ కాళ్ళు పట్టుకుంటా. మా నానమ్మ ఉంగరమక్కా...”

విషయమంతా విని ఆవిడ చీపురు దించింది. తనే పిల్లల్ని వరసగా నిలబెట్టి జేబులు తడిమింది, నోళ్ళు తెరిపించింది. అందరూ ముక్కలు తినేశారు. ఎవ్వరికీ రింగు రాలేదు. “ఎవరో మింగేసి ఉంటార్లే తమ్ముడూ, రెండ్రోజులు ఆగి చూడాల్సిందే,” అంది జాలిగా.

చర్చి గంట ఆరు కొట్టింది.

కహల్‌కి ఏడుపొచ్చింది. అక్కడే గోడకి ఆనుకుని, మాస్కులేసుకున్న పిల్లలంతా చూస్తుండగా ఏడ్చేశాడు. నానమ్మకి ఏం మొహం చూపించాలి? ఓర్లాకి ఏం చెప్పాలి? చెప్పకుండా వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తాడు, ఎప్పుడడుగుతాడు? పోనీ, ఉంగరం పోతే పోయింది, మాటయినా మిగిలింది కదా. ఇవాళ అడక్కపోతే ఈ జన్మకి అడగలేననుకుని కళ్ళు తుడుచుకుని వెనక్కి పరిగెత్తాడు.

నడవలో ఓర్లా ఉంది. కోటయినా విప్పలేదు. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

“ఓర్లా, నేను నిన్నొకటి అడగాలి...”

“ష్! నోర్ముయ్. అటు చూడు!”

వంటింటి గచ్చు మీద పక్కింటి ఫింటన్ టియర్నీ ఒంటి మోకాలి మీద ఉన్నాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, బట్టతల చెమటతో మెరుస్తోంది. బెర్నడెట్‌కి నవ్వూ ఏడుపూ కలిసిపోతున్నాయి.

“లే ఫింటన్, నీ మోకాళ్ళు పోతాయి.”

“నువ్వు ఊఁ అనేదాకా లేవను. నిజం చెప్పొద్దూ, నువ్వు చెయ్యివ్వకపోతే లేవలేను కూడా.”

“ఊఁ అన్నాగా, లే ముందు!”

ఓర్లా కహల్ భుజం పట్టి ఊపేసింది. “చూశావా! నాన్న పోయాక అమ్మ ఇలా నవ్వడం ఇదే. తొమ్మిదేళ్ళుగా గోడవతల నిలబడి వాన గురించి తప్ప ఒక్క ముక్క మాట్లాడి ఎరగడీయన. ఇవాళ ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచొచ్చిందో!”

“ధైర్యం నాదెక్కడిదమ్మా,” అన్నాడు ఫింటన్ బల్ల పట్టుకుని లేస్తూ. “మీ అమ్మ ఇందాక గోడ మీంచి ఒక బ్రాక్ ముక్క అందించింది. కొరికితే పంటికిందకి ఇది వచ్చింది. ఇక దేవుడే అడగమంటుంటే నేనెవణ్ణి కాదనడానికి?” అని, జేబులోంచి కహల్ నానమ్మ ఉంగరం తీసి బెర్నడెట్ వేలికి తొడిగాడు.