సీమపంది ఎండ సరదా

చల్లటి కొండమీది నుంచి ఓ తెల్లటి సీమపంది వేసవి సెలవులకని మడుగు దగ్గరికి దిగింది. అక్కడి గేదెను చూసి తెగ ముచ్చటపడింది.

"అక్కా, నీలా నిగనిగలాడుతూ ఇంటికెళ్లాలి నేను. సాయంత్రందాకా ఈ ఇసుకలోనే పడుకుంటా."

"పొద్దున్న కాసేపు చాలు. ఎండ ముదరగానే నాతో బురదలోకి వచ్చెయ్," అంది గేదె.

"బురద పూసుకుంటే ఇంక నల్లబడేదెప్పుడు?" అని నవ్వి, పంది వెల్లకిలా పడుకుంది.

మధ్యాహ్నానికి దాని పొట్ట ఎర్రగా కమిలిపోయింది. ఈగ వాలితే కెవ్వుమని అరిచి మడుగులోకి దూకింది.

గేదె మూతితో దాని పొట్టకు చల్లటి బురద మెత్తుతూ అంది: "తెల్లతోలు పెట్టుకుని ఎండతో పంతమేమిటే? పుట్టుకతోనే నల్లదాన్ని, నేనే బురద లేకుండా మధ్యాహ్నం బయట ఉండను!"