ముందు మావాడికి చూడండి

ఈ బహ్రెయిన్‌లో బిస్కెట్టు టీలో ముంచితే చాలు, విరిగి అడుగున పడుతుంది. దాన్ని స్పూనుతో వెతుకుతూనే మా అబ్బాయి షాలేమ్‌కు చెప్పాను, "ఒరేయ్, నాకు మొలలొచ్చాయిరా."

వాడు గబగబా తలుపు మూశాడు. "మెల్లగా నాన్నా! పక్క ఫ్లాట్లో మన సంఘంవాళ్లున్నారు."

"వాళ్లకు తెలుసులే. శుక్రవారం ఆరాధనంతా నిలబడే ఉన్నానుగా. పాస్టరుగారు నా భక్తిని మెచ్చుకుంటే అసలు సంగతి చెప్పేశాను."

హూరా పేటలో ఉన్న తెలుగు డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్లాడు. పరీక్ష చెయ్యాలనేసరికి నేను బల్ల పట్టుకుని మొండికేశాను. "ముందు మావాడికి చూడండి. నొప్పి లేదని వాడు చెబితేనే నేను పడుకుంటా."

"ఈ వయసులో ఇదేం వేషం నాన్నా!" అని తిడుతూనే, షాలేమ్ తొందరగానే తెర వెనక్కి వెళ్లాడు.

డాక్టరు వాణ్ని మందలిస్తూ బయటికొచ్చాడు. "ఇన్నాళ్లు ఎందుకు దాచారు? ఆపరేషన్ అక్కర్లేదు, మందులతో తగ్గిపోతుంది." తర్వాత నావైపు తిరిగాడు. "ఇక మీరు రండి."

"నాకేం లేదండీ," అన్నాను. "వీడి తర్వాత బాత్రూంలోకి వెళ్లి నెత్తురు చూసి హడలిపోయాను. అడిగితే సిగ్గుతో చస్తాడని, ఆ రోగం నేను తగిలించుకున్నా."

ఇప్పుడు సంఘమంతా నా మొలల కోసం ప్రార్థిస్తోంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది షాలేమే.