పన్నెండు కొమ్మలు

మంచు కింద ట్రక్కు లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

డిప్యూటీ షెరీఫ్ కారిన్ గడ్డకట్టిన సరస్సు మీద బోర్లా పడుకుని, మోచేతులు ఒక్కొక్కటే ముందుకు వేస్తూ ఆ వెలుగు వైపు పాకింది. పగిలిన అంచు దగ్గర నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద తేలుతూ ఎర్ర ఉన్ని టోపీ. పోయిన క్రిస్మస్‌కి ఆ టోపీ అల్లింది తనే. తమ్ముడు టాడ్ కోసం.

"వెనక్కి రా, కారిన్!" ఒడ్డు నుంచి గజ ఈతగాడు అరిచాడు. "మునిగి నలభై నిమిషాలైంది. మేం దిగుతాం. ఇంక తొందరేం లేదు."

ఆ ఆఖరి మాట ఆమెకి అర్థమైంది. అయినా కదల్లేదు. మంచులో అరచేతి వెడల్పున ఓ గుంట కనిపించింది. పదడుగుల అవతల ఇంకొకటి. ఆ పక్కన మరొకటి.

అక్కడ సరస్సు అడుగున ఊట ఉంది. ఎంత చలి ముదిరినా దాని మీద మంచు అప్పడంలాగే ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఐనో ముసలాయన డిసెంబరు రాగానే ఆ ఊట చుట్టూ పన్నెండు స్ప్రూస్ చెట్టు కొమ్మలు పాతుతున్నాడు. మంచు మీద బండేసుకుని చేపలకొచ్చే ప్రతివాడికీ తెలిసిన సంగతే: కొమ్మలుంటే చుట్టూ తిరిగిపో, లేకపోతే నేరుగా పో.

టాడ్ నేరుగా పోయాడు.

కారిన్ గుంటలు లెక్కపెట్టింది. పన్నెండు. కొమ్మ ఒక్కటీ లేదు. గాలికి విరగలేదు. గునపంతో తవ్వి ఎవరో పీకేశారు.

ఆమె ఒడ్డుకి వచ్చేసరికి సరస్సు సంఘం కార్యదర్శి కర్టిస్ ఫోనులో సంఘం వాళ్ళ మంచు మ్యాపు చూసుకుంటున్నాడు.

"విచిత్రంగా ఉందే, మేడమ్. ఇందులో ఆ చోట ట్రక్కుని మోసేంత మంచు, పద్నాలుగు అంగుళాలు చూపిస్తోంది. ఇప్పటికీ."

"ట్రక్కు మునిగింది కనబడ్డం లేదా?"

"కనబడుతోంది. కానీ మ్యాపులో..."

"కొమ్మలు ఎవరు పీకారు?"

"అవి అనుమతి లేని వస్తువులు మేడమ్. సోమవారం అసలు బోర్డులొస్తున్నాయి. చీకట్లో కూడా మెరుస్తాయి. పుల్లలు చూసి బండి నడిపే కాలం పోయింది."

"కాలం కాదు, మా తమ్ముడు పోయాడు!" కారిన్ అతని కాలరు పట్టుకుంది. "ఇవాళ శుక్రవారం. సోమవారం దాకా జనం ఏం చూసి పోవాలి? చెప్పు, పీకింది నువ్వేగా?"

"నేను పుల్ల కూడా ముట్టుకోలేదు!" కర్టిస్ కాలరు విడిపించుకోబోయాడు. "అంతా కాగితం మీదే జరిగింది. తీసెయ్యమని నోటీసు పంపాం, అంతే."

"ఎవరికి?"

కర్టిస్ చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది.

అక్కడ ఐనో తన పాత పికప్ ట్రక్కు వెనక తలుపు దించుకుని, దాని మీద కూర్చుని ఉన్నాడు. పోలీసులకి ఫోను చేసింది ఆయనే. పక్కన గునపం. చేతి తొడుగులకి అంటుకుని పచ్చటి స్ప్రూస్ ఆకులు.

కారిన్ కాలరు వదిలేసింది.

"తాతా," అంది దగ్గరికి వెళ్ళి. "నువ్వు కాదని చెప్పు. ఆ ఊట సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

సరస్సులో లైట్లు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయాయి.

"నాకే తెలుసమ్మా." ముసలాయన తల ఎత్తలేదు. "ముద్ర వేసిన కాగితం వచ్చింది. చదువుకున్నవాళ్ళు, మిషన్లున్నవాళ్ళు, వాళ్ళకి తెలీదా అనుకున్నాను. పొద్దున్నే వెళ్ళి నా చేత్తో నేనే పీకాను. పన్నెండోది పీకుతుంటే మీ టాడ్ ట్రక్కు ఆపి, 'తాతా, ఇటు పోవచ్చా?' అని అడిగాడు. 'పోవచ్చంటున్నారు నాయనా' అన్నాను."