బావి కాపలా

“ముందు నువ్వు తిను,” అన్నాడు కెప్టెన్ గిరాల్, పళ్లెం ఆమె వైపు తోసి.

సిదోరా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి మింగింది. గిరాల్ ఆమె గొంతు కదలడమే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమెకేమీ కాలేదని నమ్మకం కుదిరాక తను మొదలుపెట్టాడు. రోజూ ఇదే తంతు.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. ఆ వేసవిలో ఫ్రెంచివాళ్లు గోజో దీవిలో దిగి చర్చి వెండి ఊడబెరుకుతుంటే, జాలరి చెన్సు అడ్డుపడ్డాడు. అతన్ని తన దళం మకాం వేసిన ఈ కోట గోడకే నిలబెట్టి కాల్పించాడు గిరాల్. సిదోరా చెన్సు భార్య. అయినా ఆమె చేతి వంట మరిగిన గిరాల్ నాలుక ఇంకెవరి వంటనూ ఒప్పుకోలేదు.

“మీ ఆయనకి నోరెక్కువ, నీకు చేతి మహిమ ఎక్కువ. దేవుడు జోడీ భలే కుదిర్చాడే!” అని నవ్వేవాడు.

సిదోరా తల ఎత్తేది కాదు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేది. వీడు ఈ కోటలోంచి తల దించుకుని బయటికి రావాలి, చెన్సు నిలబడ్డ చోటే నిలబడాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు.

సెప్టెంబరులో దీవి తిరగబడింది. కోట తలుపులు మూతపడబోతుండగా అత్త పులోనియా పరిగెత్తుకొచ్చి, గన్నేరు పొడి పొట్లం సిదోరా చేతిలో కుక్కింది.

“తిండిలో కుదరదంటివి. నీళ్లలో కలుపు.”

“నీళ్లలోనా అత్తా? ఈ ఎండిపోయిన దీవిలో బావి పాడుచేసినదాన్ని దేవుడు క్షమిస్తాడా?”

“నా కొడుకుని కాల్చినప్పుడు ఎక్కడికి పోయాడే మీ దేవుడు?”

సిదోరా పొట్లం రవికెలో దోపుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ కోటను బలంతో పట్టుకున్నవాడు లేడు. తురకల ఓడలు ఎన్నోసార్లు వచ్చి, గోడలకు తల బాదుకుని పోయాయి. లోపల ముంగిట్లో రాతిని తొలిచిన వాననీళ్ల బావి ఉంది. అందులో నీళ్లున్నంత కాలం ఎవరు చుట్టుముట్టినా బెంగ లేదు.

దీవిలో అన్ని బావుల్లో లాగే అందులోనూ ఒక మలుగు ఉండేది, పాములా పొడుగాటి చేప. పురుగూ పుట్రా తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతుంది. రొట్టె ముక్క వేస్తే పైకొచ్చిందా, నీళ్లు మంచివి. రాకపోతే ఇక ఆ బావి జోలికి ఎవరూ పోరు. గిరాల్‌కి ఈ పద్ధతి తెగ నచ్చేసింది. పొద్దున్నే తనే రొట్టె వేసి, మలుగు తల తేలాకే నీళ్లు తోడనిచ్చేవాడు.

“ఈ దీవిలో నేను నమ్మేది దీన్నొక్కదాన్నే,” అనేవాడు.

ముట్టడి సాగింది. సైనికులు గోడ మీంచి సముద్రంలోకి గాలాలు వేసి చేపలు పట్టేవాళ్లు. వండడం, వంటకు నీళ్లు తోడుకోవడం సిదోరా పని. ఆదివారం ఆమె చేప ముక్కలకు వెల్లుల్లి, నిమ్మరసం దట్టించి వేపింది. అడక్కుండానే ముందు తను తింది. గిరాల్ పళ్లెం నాకినంత పని చేశాడు.

“ఒక్క ముల్లు లేదే! ఇలా వండిపెడితే ఏడాదైనా ఇక్కడే ఉంటాను.”

సోమవారం పొద్దున్న మలుగు పైకి రాలేదు. గిరాల్ రొట్టె మొత్తం తుంచి వేశాడు. ఈల వేశాడు. బావి చుట్టూ సైనికులు మూగారు. గిరాల్ సిదోరాను ఈడ్చుకొచ్చి, బావిలోంచి తోడిన నీళ్ల చెంబు ఆమె మొహాన పెట్టాడు.

“తాగు.”

ఇన్నాళ్లూ ఏది పెట్టినా తడుముకోకుండా తిన్న మనిషి మొహం తిప్పేసుకుంది.

“నేను తాగను.”

గిరాల్ పిస్తోలు తీశాడు.

“కాల్చండి దొరా. రాత్రి మీరంతా తాగిన నీళ్లకి విరుగుడు మరి ఎవర్ని అడుగుతారో!”

అంతే, అందరి కడుపుల్లోనూ నొప్పి మొదలైంది. కుండల్లో నీళ్లు పారబోశారు. ఎంత బెదిరించినా సిదోరా, తలుపులు తెరిచాకే విరుగుడు అంది. సారా పీపా ఆ పూటే ఖాళీ అయి, దాహాన్ని రెండింతలు చేసింది. బుధవారం మధ్యాహ్నం, ఏ ఫిరంగికీ లొంగని కోట తలుపులు లోపలి నుంచే తెరుచుకున్నాయి.

ఊళ్లవాళ్లు గిరాల్‌ని తీసుకెళ్లి చెన్సు నిలబడ్డ గోడకే నిలబెట్టారు. అతని పెదాలు పగిలి నెత్తురోడుతున్నాయి.

“విరుగుడు... విరుగుడివ్వు,” అన్నాడు.

సిదోరా బావిలోంచి ఒక చెంబు తోడి తెచ్చింది.

“ముందు నేను తాగుతాను,” అంది. గుక్క తిప్పుకోకుండా తాగసాగింది.

“ఏమే, నీకేమైనా పిచ్చా!” అని అత్త కేకపెట్టి చెంబు లాక్కోబోయింది.

సిదోరా మూతి తుడుచుకుని, వేసిన ముడి వేసినట్టే ఉన్న గన్నేరు పొట్లాన్ని అత్త చేతిలో పెట్టి, గిరాల్ కళ్లలోకి మొదటిసారి సూటిగా చూసింది.

“మలుగు విషంతో చావలేదు దొరా, ఆదివారం ఒక్క ముల్లు లేదని మెచ్చుకుంటూ దాన్ని తిన్నది మీరే.”