ఎల్సీని చంపేదెలా?

"ఇంతకీ నన్నెలా చంపుతున్నావు?"

లోపలికి వస్తూనే అడిగింది మావిస్ కర్షా. ఫ్రీడా టీ కప్పు బల్ల మీద పెట్టింది. ఇంగ్లండులోని ఆ లీడ్స్ టీవీ స్టూడియోలో ఏ కబురైనా ముందు మేకప్ గదికే చేరుతుంది మరి.

"తలుపు వేసి కూర్చోండి, మావిస్ గారూ." స్టూడియోలో ఫ్రీడా ఆమెని అలాగే పిలుస్తుంది.

'కాలువ గట్టు' సీరియల్లో పబ్బు నడిపే ఎల్సీగా మావిస్‌ని ఇరవై ఏళ్లుగా ఎరగనివాళ్లు లేరు. ఫ్రీడా అదే స్టూడియోలో టీలు అందించి, స్క్రిప్టులు మోసి, నిర్మాతై, ఈ వసంతంలోనే నాటక విభాగానికి అధిపతి అయింది. కుర్చీలో సర్దుకు కూర్చోకముందే పైవాళ్లు తేల్చి చెప్పేశారు. చూసేవాళ్లు తగ్గిపోతున్నారు, క్రిస్మస్‌కల్లా పెరగకపోతే సీరియల్ మూతే.

"జనం మళ్లీ టీవీ ముందుకు రావాలంటే ఎవరో ఒకరు పోవాలి," అంది ఫ్రీడా తల దించుకుని. "సీరియల్లో ఆ పోస్ట్‌మాన్ పోతే ఎవరూ ఏడవరు."

"వాడు పోతే నేనే చప్పట్లు కొడతాను." మావిస్ బిస్కెట్టు టీలో ముంచింది. "సరే, ఎలా?"

"గుండెపోటు."

"ఛీ, ఊళ్లో అందరికీ వచ్చేదే."

"పోనీ, కాలువలో జారిపడి?"

"నవంబర్ షూటింగులో ఆ నీళ్లలోకా? నిజంగానే పోతాను!"

ఫ్రీడాకి నవ్వొచ్చింది. వెంటనే కళ్లు చెమ్మగిల్లాయి. "మీకిష్టం లేదంటే చెప్పండి. రాజీనామా రాసిచ్చేస్తాను."

"నోర్ముయ్. అరవై కుటుంబాలు బతుకుతున్నాయి దీని మీద. ఎవరిని తీస్తే సీరియల్ నిలబడుతుందో చూశావు. అది నీ ఉద్యోగం." మావిస్ కప్పు పక్కన పెట్టింది. "ఇదిగో, ఇలా చెయ్యి. క్రిస్మస్ సాయంత్రం, పబ్బు నిండా జనం, పాట. ఎల్సీ ఆఖరి గ్లాసు తుడిచి బోర్లించి, కుర్చీలో కూర్చుని కళ్లు మూస్తుంది. ఎవరూ గమనించరు. పాట ఆగదు."

ఫ్రీడా ఒక్క ముక్క మార్చకుండా అలాగే తీయించి, క్రిస్మస్ రాత్రి ప్రసారం చేయించింది.

మర్నాడు మధ్యాహ్నం ఎంతమంది చూశారో లెక్కలొచ్చాయి. దేశంలో సగం ఇళ్లు ఎల్సీని సాగనంపాయి. సీరియల్‌కి మరో మూడేళ్లు ఢోకా లేదు. ఆఫీసులో అందరూ గంతులేస్తుంటే ఫోన్ మోగింది.

"ఎలా చచ్చానేం?" అంది మావిస్ గొంతు, హుషారుగా.

"అద్భుతంగా! మూడేళ్లు పొడిగించారు!"

"సంతోషమే గానీ, 'నా పెళ్లాం పోయింది' అంటూ నిన్నటినుంచీ మీ నాన్న ఏడుపు ఆపట్లేదు, ఇంటికొచ్చి ఓదార్చు."