గుమ్మంలో పసుపు పూలు

"చూసి నడువమ్మా! ఆ పసుపు పూలు తొక్కావంటే ఊరుకోను," అని కసిరారు బోటనీ లెక్చరర్ రాజశేఖరం.

ఆయన భార్యకి జాకెట్లు కుట్టి తెచ్చిన మెహరాజ్, గుమ్మానికి రెండువైపులా పాకిన మొక్కల్ని వంగి చూసింది.

"ఇది పల్లేరు కదండీ?"

"పల్లేరంటే ముళ్ళు. ఇది ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. కొండపల్లి అడవి నుంచి ఏరి తెచ్చి నాటాను. మిషను కుట్టేవాళ్ళకి నోరు తిరగదులే."

మెహరాజ్ ఆకుల కింద వెతికి, ఎండిన కాయ తెంపి ఆయన చేతిలో పెట్టింది. చిదిమి చూడబోతే, ముప్పైయేళ్ళు బోటనీ చెప్పిన ఆ వేళ్ళలో ముళ్ళు దిగాయి.

"మా అమ్మకి ఎవరిమీదైనా కడుపు మండితే, ‘నీ గుమ్మంలో పల్లేరు మొలవ!’ అని తిట్టేది సార్," అంది మెహరాజ్. "తమరు రోజూ నీళ్ళు పోసి మరీ పెంచుకుంటున్నారు."