కట్టుకున్న చేతులు

"మళ్లీ అదే! నీకు అనుమతి లేదు పొమ్మంటోందీ మెషిన్," అంది కేతకి.

కొల్హాపూర్ పాల సంఘం ఆఫీసులో మధ్యాహ్నం మూడున్నర. భోజనాల వేళ ఆగిపోయిన డేటాబేస్ మళ్లీ లేవలేదు. అయిదింటికల్లా లేవకపోతే, కొలతలు ఎక్కించే దారి లేక ఊళ్ల నుంచి వచ్చే పాలు క్యాన్లలోనే విరిగిపోతాయి.

పక్క కుర్చీలో సర్జేరావు కాకా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇరవై ఆరేళ్లు ఆ డేటాబేస్‌ని కన్నబిడ్డలా సాకిన మనిషి. ఇవాళే రిటైరవుతున్నారు. రేపటి నుంచి ఆ పని కేతకిది, చేతనైతే.

మేనేజరు నింబాళ్కర్ విసుక్కున్నాడు. "కాకా, మీరే లేపెయ్యండి. ఈ పిల్ల వల్ల కాదు. మీకింకో రెండేళ్లు పొడిగింపు రాయిస్తాను."

"ఇంకా గంటన్నర ఉంది సాహెబ్. అమ్మాయి చూసుకుంటుంది."

పొడిగింపు కోసమే తమాషా చూస్తున్నాడీ ముసలాయన, అనుకుంది కేతకి. ఆమెకు ఒళ్లు మండింది.

"గట్టున కూర్చుని చూడకపోతే, ఓ చెయ్యి వెయ్యొచ్చుగా కాకా!"

"నా చెయ్యి దేనికి తల్లీ? నువ్వు ఏ గ్రూపు మనిషివో ముందు మెషిన్‌నే అడుగు."

అడిగింది. జవాబులో, డేటాబేస్‌ని లేపే అధికారమున్న డీబీఏ గ్రూపు లేదు. "పొద్దున నా పేరు చేర్చారన్నారే!"

"ఇప్పుడు నీ పేరు పెట్టి అడుగు."

ఈసారి డీబీఏ ఉంది.

"ఒకసారి లేదంటుంది, ఒకసారి ఉందంటుంది. దీనికేమన్నా పిచ్చా?"

"నువ్వు ఎన్నింటికి లాగిన్ అయ్యావు? నీ పేరు ఎన్నింటికి చేర్చారు?"

కేతకి నుదురు కొట్టుకుంది. లాగిన్ అయింది తొమ్మిదింటికి. పేరు చేరింది పదకొండింటికి. ముందే లోపలికొచ్చిన మనిషిని మెషిన్ ఇంకా పాత లెక్కలోనే చూస్తోంది. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయింది. రెండు నిమిషాల్లో డేటాబేస్ లేచింది.

"శభాష్!" అని కాకా పెద్దగా నవ్వి, టీకి బయల్దేరారు. కీబోర్డు ముట్టకుండానే జబ్బు కనిపెట్టేసిన ఆ బుర్రకి దణ్ణం పెట్టాలనిపించింది కేతకికి. కోపం సగం చల్లారింది.

"ఇక కాకా పేరు ఆ గ్రూపులోంచి తీయించెయ్," అన్నాడు నింబాళ్కర్.

ఆమె సిస్టమ్ విభాగంలో ఉన్న భోసలే దాదాకి ఫోన్ చేసింది. "దాదా, కాకా పేరు తీసెయ్యాలట. నా నోటితో చెప్పడానికి మనసొప్పడం లేదు. రేపటిదాకా ఆగుదామా?"

"పొద్దున నీ పేరు చేర్చినప్పుడే కాకా తన పేరు తీయించేసుకుని, లాగౌట్ కూడా అయిపోయారు. ఇక ఆయన చెయ్యి వేసినా అది లేవదు."